తప్పు చేయని డ్రమ్మర్: కంప్యూటర్ డ్రమ్స్ కృత్రిమంగా ఎందుకు వినిపిస్తాయి?

సంక్షిప్తంగా: కంప్యూటర్‌లో అల్లిన డ్రమ్స్ సహజంగా లేవనిపిస్తే నింద శాంపిళ్ల (ముందే రికార్డు చేసి పెట్టిన దెబ్బల) నాణ్యత మీదో, తాళం మరీ నిక్కచ్చిగా ఉండటం మీదో పడుతుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అంతకంటే పెద్ద లోపం వేరే ఉంది: ఆ దెబ్బల వెనుక రెండు చేతులు, రెండు కాళ్లు, ఒక గది ఉన్న ఆనవాలు చెవికి దొరకదు. ఆ ఆనవాలు దేనితో ఏర్పడుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని ఎంతవరకు అనుకరిస్తుంది, డప్పు, తబలా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడుతుంది అన్నది ఈ వ్యాస విషయం.

ఇంట్లోనే పాటలు తయారుచేసుకునేవారిని తరచూ వేధించే చిక్కు ఒకటుంది. మంచి స్టూడియోలో, అనుభవజ్ఞుడైన ఇంజనీర్ రికార్డు చేసిన డ్రమ్ లైబ్రరీని, అంటే దెబ్బల శబ్దాల సంకలనాన్ని, కొని కంప్యూటర్‌లో పెట్టుకుంటారు. ఒక్కొక్క దెబ్బ విడిగా వింటే ఎవరో ఎదురుగా కూర్చుని వాయించినట్టే ఉంటుంది. అవే దెబ్బలను వరుసగా పేర్చి నాలుగు ఆవర్తనాలు నడిపితే మాత్రం మొదటి ఆవర్తనంలోనే గుట్టు బయటపడుతుంది. డ్రమ్స్ ఎన్నడూ ముట్టని శ్రోత కూడా ఇది మనిషి వాయించింది కాదని పసిగడతాడు. ఎలా తెలిసిందంటే మాత్రం చెప్పలేడు.

## శబ్దం సమస్య తీరింది, వాయింపు సమస్య మిగిలింది

1980లో రెండు యంత్రాలు దాదాపు ఒకేసారి మార్కెట్లోకి వచ్చాయి. జపాన్ సంస్థ రోలాండ్ తయారుచేసిన టీఆర్-808 డ్రమ్ శబ్దాలను ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో పుట్టించేది. కాలితో మోగించే అసలు కిక్ డ్రమ్‌కూ దాని కిక్‌కూ పోలిక తక్కువ. ఆ పోలికలేనితనమే తర్వాతి కాలంలో హిప్‌హాప్‌కు ఆయువుపట్టయింది. అమెరికాలో రోజర్ లిన్ రూపొందించిన ఎల్ఎం-1 మరో దారి పట్టింది. అసలు డ్రమ్స్‌ను డిజిటల్‌గా రికార్డు చేసి చిప్పుల్లో నిక్షిప్తం చేసిన తొలి డ్రమ్ యంత్రం అది. అప్పట్లో మెమరీ ఎంత ఖరీదంటే, ఎక్కువసేపు మోగే క్రాష్, రైడ్ అనే సింబల్స్‌కు (లోహపు పళ్లేలకు) అందులో చోటే ఇవ్వలేదు. 1983లో వచ్చిన టీఆర్-909 మధ్యేమార్గం ఎంచుకుంది: డ్రమ్స్‌కు సర్క్యూట్లు, సింబల్స్‌కు రికార్డింగులు.

అదే 1983లో ఎలక్ట్రానిక్ వాద్యాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ప్రమాణం అమల్లోకి వచ్చింది. ఏ వాద్యం మోగాలి, ఎప్పుడు మోగాలి, ఎంత బలంతో మోగాలి అన్న మూడు సంగతులను అది అంకెల్లోకి మార్చింది. 1991 నాటి జనరల్ మిడి ఒప్పందం ప్రకారం 36వ నంబరు కిక్, 38 స్నేర్ (అడుగున తీగలుండే చిన్న డ్రమ్), 42 మూసిన హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జత సింబల్స్), 46 తెరిచిన హైహ్యాట్. ఈ నంబర్లు చాలా సాఫ్ట్‌వేర్లలో ఇప్పటికీ చెల్లుతున్నాయి. దెబ్బ బలాన్ని 1 నుంచి 127 వరకు ఉండే ఒక అంకె చెబుతుంది. దాని పేరు వెలాసిటీ.

ఆ తర్వాత హార్డ్ డిస్కులు చవకయ్యాయి. స్వీడన్ సంస్థ టూన్‌ట్రాక్ 2017లో విడుదల చేసిన సుపీరియర్ డ్రమ్మర్ 3లో శబ్దాల నిల్వే సుమారు 230 గిగాబైట్లు. సింబల్‌కు చిప్పులో చోటు లేని రోజులతో పోలిస్తే ఇది ఊహకందని సమృద్ధి. అయినా కృత్రిమత్వం మీద ఫిర్యాదు ఆగలేదు. శబ్దం కరవు తీరాక అసలు కరవు దేనిదో స్పష్టంగా కనిపించింది.

## ఒక్క స్నేర్‌కు మూడు గిగాబైట్లా?

ఇంత నిల్వ దేనికన్న సందేహం సహజం. కర్రతో మెల్లగా తట్టిన స్నేర్‌ను రికార్డు చేసి వాల్యూమ్ పెంచితే గట్టిగా కొట్టిన స్నేర్ కాదు. దెబ్బ బలం పెరిగేకొద్దీ శబ్దం పెద్దదవడమే కాక దాని స్వభావమూ మారుతుంది: పై పౌనఃపున్యాలు ఎక్కువగా మేల్కొంటాయి, అడుగున ఉండే తీగలు మరోలా గలగలలాడతాయి, చర్మం సాగి శ్రుతి క్షణకాలం పైకి లేచి దిగుతుంది. అందుకే ఒకే స్నేర్‌ను అతి మెల్లగా మొదలుపెట్టి అతి గట్టి దెబ్బ వరకు పది, పదిహేను అంచెల్లో రికార్డు చేస్తారు. వెలాసిటీ అంకెను బట్టి సాఫ్ట్‌వేర్ తగిన అంచెను ఎంచుకుంటుంది.

రెండో అవసరం పునరావృతం. నిమిషానికి 180 లెక్కల (బీట్ల) వేగంలో పదహారో వంతు స్వరాలతో, అంటే లెక్కకు నాలుగు దెబ్బలతో, కిక్ నడిస్తే సెకనుకు 12 దెబ్బలు పడతాయి. పన్నెండుసార్లూ ఒకే రికార్డింగ్ మోగితే అది డ్రమ్‌లా కాక మరతుపాకిలా వినిపిస్తుంది. మనిషి కొట్టే ఏ రెండు దెబ్బలూ కర్ర తగిలే చోటులో, కోణంలో అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి నూటికి నూరు శాతం సమానమైన శబ్దాలు వెంటవెంటనే రావడం చెవికి ఎబ్బెట్టుగా తోస్తుంది. దీనికి విరుగుడుగా ఒక్కో అంచెలో ఎనిమిదో పదో దెబ్బలు విడివిడిగా రికార్డు చేసి వంతులవారీగా మోగిస్తారు. దీన్నే రౌండ్ రాబిన్ అంటారు.

ఇప్పుడు లెక్క వేయవచ్చు. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ నాణ్యతలో ఒక మైకు రికార్డింగ్‌కు సెకనుకు 1,32,300 బైట్లు పడతాయి. రెండు సెకన్లు మోగే స్నేర్ దెబ్బను పది మైకులతో పట్టుకుంటే దాదాపు 2.6 మెగాబైట్లు. పదిహేను అంచెలు, అంచెకు ఎనిమిది దెబ్బలు అనుకుంటే 120 దెబ్బలకు సుమారు 317 మెగాబైట్లు. నడుమ కొట్టడం, అంచు మీద కొట్టడం, కర్రను అడ్డంగా ఆనించి కొట్టడం వంటి పది పద్ధతులకు ఇది మూడు గిగాబైట్లు దాటుతుంది. పది, పన్నెండు సెకన్లు మోగే సింబల్‌కు ఎంతవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంత చేసినా సింబల్ దగ్గర ఒక లోటు మిగిలిపోతుంది. శాంపిల్ కోసం కొట్టే ప్రతి దెబ్బా కదలకుండా నిశ్చలంగా ఉన్న సింబల్ మీద పడుతుంది. పాటలో మాత్రం ముందు దెబ్బకు ఇంకా ఊగుతున్న లోహం మీదే తర్వాతి దెబ్బ పడుతుంది. ఈ రెండో శబ్దాన్ని మొదటిదానిపై పేర్చి పుట్టించలేరు. మెత్తటి తల ఉన్న కర్రలతో (మేలెట్లతో) సింబల్‌ను నెమ్మదిగా ఉప్పొంగించే ధ్వనిని లైబ్రరీలు ముందుగానే పూర్తిగా రికార్డు చేసి పెట్టడానికి కారణం ఇదే. జాజ్‌లో సన్నని తీగల కుచ్చులాంటి బ్రష్‌తో స్నేర్ మీద నిమిరే వాయింపుదీ ఇదే ఇబ్బంది. అది దెబ్బ కాదు, కదలిక. మెటల్ సంగీతంలో సాఫ్ట్‌వేర్ డ్రమ్స్ సులభంగా చెల్లిపోవడానికీ, జాజ్‌లో వెంటనే దొరికిపోవడానికీ తేడా ఇక్కడే ఉంది.

## హ్యూమనైజ్ బటన్ చేసేదేమిటి?

తాళాన్ని సమభాగాలుగా చూపే తెరమీది గళ్లకు కచ్చితంగా అతికించిన దెబ్బలు నిర్జీవంగా ఉంటాయన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. అందుకే దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ హ్యూమనైజ్ అనే సదుపాయం ఉంటుంది. నొక్కగానే ప్రతి దెబ్బనూ కొన్ని మిల్లీసెకన్లు అటో ఇటో జరుపుతుంది, బలాన్ని కాస్త హెచ్చుతగ్గులు చేస్తుంది. ఇదంతా పాచికలు వేసినట్టు జరుగుతుంది. ఒక దెబ్బ జరగడానికీ పక్క దెబ్బ జరగడానికీ సంబంధం ఉండదు.

మనిషి తప్పేది అలా కాదు. హోల్గర్ హెనిగ్ తదితర భౌతిక శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో వృత్తి కళాకారుల లయను కొలిచారు. విచలనాలు చిన్నవే, సుమారు 10 నుంచి 20 మిల్లీసెకన్లు. ఆసక్తికరమైన విషయం వాటి వరుస: ఇప్పటి చిన్న జారుడుకూ చాలాసేపటి తర్వాతి జారుడుకూ గణితపరమైన సంబంధం కనిపించింది. అమెరికన్ డ్రమ్మర్ జెఫ్ పొర్కారో 1982 నాటి ఒక పాటలో ఒంటిచేత్తో వాయించిన హైహ్యాట్‌ను మరో బృందం 2015లో విశ్లేషించినప్పుడు, సమయంలోనే కాక దెబ్బ బలంలోనూ ఇలాంటి దీర్ఘ సంబంధమే బయటపడింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, మంచి డ్రమ్మర్ కొన్ని ఆవర్తనాల పాటు ఇసుమంత ముందుకు వాలి, మళ్లీ మెల్లగా సర్దుకుంటాడు. వెంటవెంట దెబ్బల మధ్య దూరం మాత్రం చెదరనివ్వడు. హ్యూమనైజ్ బటన్ చెదరగొట్టేది సరిగ్గా దాన్నే. ఒక దెబ్బ 10 మిల్లీసెకన్లు ముందుకు, పక్కది 10 వెనక్కు జరిగితే వినిపించేది సిద్ధహస్తుడి లయ కాదు, నిద్రమత్తులో ఉన్నవాడి లయ.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. చిన్న విచలనాలు ఉంటేనే లయ హాయిగా ఉంటుందన్న నమ్మకానికి పరిశోధనల మద్దతు ఏకగ్రీవంగా లేదు. 2013లో వెలువడిన కొన్ని ప్రయోగాల్లో శ్రోతలు గళ్లకు అతికిన తాళాన్నే మెచ్చుకున్నారు, విచలనం పెంచినకొద్దీ మార్కులు తగ్గించారు. కాబట్టి నిక్కచ్చి తాళాన్ని దోషిగా నిలబెట్టడం తొందరపాటే. స్టూడియోల్లో తాళాన్ని టిక్కుటిక్కుమని చూపే మెట్రోనోమ్ చెవిలో పెట్టుకుని ఏళ్ల తరబడి వాయించిన డ్రమ్మర్లు గళ్లకు ఎంత దగ్గరగా ఉండగలరో తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఉద్దేశపూర్వకమైన జారుడు, అంటే స్వింగ్, వేరే విషయం. రోజర్ లిన్ 1988లో అకాయ్ సంస్థ కోసం రూపొందించిన ఎంపీసీ-60 అనే యంత్రంలో 50 నుంచి 75 శాతం వరకు స్వింగ్ పెట్టే వీలుండేది. నిమిషానికి 90 లెక్కల వేగంలో అర లెక్క 333 మిల్లీసెకన్లు. 50 శాతం వద్ద నడిమి స్వరం 167 మిల్లీసెకన్లకు పడుతుంది, 58 శాతం వద్ద 193కు. అంటే ప్రతి రెండో స్వరం 26 మిల్లీసెకన్లు ఆలస్యం, ప్రతిసారీ ఒకే ఆలస్యం. పూర్తిగా యాంత్రికమైన ఈ సూత్రానికి కోట్లాది మంది తల ఊపారు. యాదృచ్ఛికత లేకపోవడం దానికి లోపం కాలేదు.

## పదహారుకు బదులు పద్నాలుగు

సమయం, శబ్దం రెండూ పక్కనపెట్టి కేవలం ఏ దెబ్బలు రాశారో చూస్తేనే చాలా ట్రాకుల గుట్టు తెలిసిపోతుంది. చాలా ప్రచారంలో ఉన్న ఒక నడకను తీసుకుందాం: మొదటి, మూడో లెక్కల మీద కిక్, రెండు, నాలుగు మీద స్నేర్, హైహ్యాట్ లెక్కకు నాలుగు చొప్పున ఆవర్తనానికి పదహారు. మౌస్‌తో గళ్లు నింపేవారు పదహారు గళ్లలోనూ హైహ్యాట్ పెట్టేసి, స్నేర్‌ను విడిగా కింది వరుసలో ఉంచుతారు.

మధ్యస్థ వేగం దాటాక ఈ పదహారునూ చాలామంది డ్రమ్మర్లు కుడి, ఎడమ చేతులతో వంతులవారీగా వాయిస్తారు. అప్పుడు ప్రతి లెక్క మొదటి దెబ్బ కుడిచేతిది. రెండో లెక్క రాగానే ఆ కుడిచేయి హైహ్యాట్ వదిలి స్నేర్ మీదికి వెళ్లాలి. ఆ క్షణంలో హైహ్యాట్ మోగదు. నాలుగో లెక్కలోనూ అంతే. కాబట్టి అసలు వాయింపులో వినిపించేవి పద్నాలుగే. పైగా ఎడమచేతి దెబ్బలు కుడివాటికన్నా కాస్త తగ్గి ఉంటాయి. కుడికి 90 వెలాసిటీ ఇస్తే ఎడమకు 70 దరిదాపుల్లో ఇవ్వాలి. ఈ రెండు మార్పులూ అరనిమిషం పని. వాటితో ట్రాక్‌లో వచ్చే తేడా, ఖరీదైన లైబ్రరీ మార్చినా రాదు. పొర్కారోలా ఒంటిచేత్తో వాయించే నడకైతే పదహారూ ఉంటాయి, కానీ అప్పుడు బలాల వరుస వేరు: చేయి ఒక్కటే కాబట్టి ఒకటి గట్టిగా, ఒకటి తేలికగా, అలలాగా సాగుతుంది.

ఇదే తర్కం మిగతా చోట్లా వర్తిస్తుంది. రెండు చేతులూ టామ్‌ల (సెట్‌లోని మిగతా డ్రమ్‌ల) మీద పరుగెత్తుతున్నప్పుడు రైడ్ సింబల్ మోగుతూ ఉంటే మూడో చేయి ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. తెరిచిన హైహ్యాట్ మోగుతుండగా మూసిన హైహ్యాట్ దెబ్బ పడితే మొదటి శబ్దం తెగిపోవాలి. అవి రెండూ ఒకే జత పళ్లేలు కదా. క్రాష్ దాదాపు ఎప్పుడూ కిక్‌తోనో స్నేర్‌తోనో కలిసి వస్తుంది, ఒంటరిగా అరుదు. ఇక ఘోస్ట్ నోట్స్ అనే చిన్న దెబ్బలు. ప్రధాన స్నేర్ దెబ్బ 110 వెలాసిటీలో ఉంటే, వాటి నడుమ ఎడమచేయి కర్రను అంగుళం ఎత్తు నుంచి వదిలే ఈ దెబ్బలు 20 నుంచి 35 మధ్య ఉంటాయి. పాట నడుమ వాటిని విడిగా ఎవరూ గుర్తుపట్టరు. తీసేస్తే మాత్రం లయలో ఏదో ఖాళీ అయినట్టు అందరికీ తెలుస్తుంది. 60 దాకా పెంచితే అవి స్నేర్ దెబ్బలకు పోటీ వచ్చి నడక గందరగోళమవుతుంది. కొత్తవారి ట్రాకుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఈ రెండోదే.

మౌస్‌తో రాయడం మాని ఎలక్ట్రానిక్ ప్యాడ్ల మీద చేత్తో వాయించి మిడిగా పట్టుకుంటే ఈ చిక్కుల్లో సగం వాటంతటవే తీరతాయి. దేహం తన పరిమితులను అడగకుండానే నమోదు చేస్తుంది. కీబోర్డు మీద రెండు వేళ్లతో వాయించినా మౌస్ కంటే మేలే.

## గోడలు కూడా వాయిస్తాయి

డ్రమ్ సెట్ ఒకే వాద్యం. కిక్ మోగితే పక్కనున్న స్నేర్ తీగలు సన్నగా వణుకుతాయి. స్నేర్ కొడితే ఆ శబ్దం దాని మైకులోనే కాక టామ్ మైకుల్లో, పైన వేలాడే ఓవర్‌హెడ్ మైకుల్లో, గది చివరి మైకులో కూడా పడుతుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కాబట్టి మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్ల ఆలస్యం. ఐదు మీటర్ల దూరంలోని మైకుకు అదే స్నేర్ 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఈ ఆలస్యాల కలయిక నుంచే చెవి గది పరిమాణాన్ని, డ్రమ్స్ ఎదురుగా ఉన్నాయన్న భావాన్ని పోగుచేసుకుంటుంది.

ఒక లైబ్రరీ నుంచి కిక్, మరొకదాన్నుంచి స్నేర్, ఇంకెక్కడి నుంచో సింబల్స్ తెచ్చి కలిపితే కిక్ పడకగదిలో, స్నేర్ కల్యాణ మంటపంలో మోగుతున్నట్టు ఉంటుంది. అన్నిటికీ కలిపి ఒకే రివర్బ్ (గది ప్రతిధ్వనిని అనుకరించే ప్రభావం) ఇవ్వడం కొంత ఉపశమనం. పెద్ద లైబ్రరీల్లో ఒక మైకు శబ్దం మరో మైకులోకి చిందే తీరును విడిగా పెంచుకునే, తగ్గించుకునే మీటలు ఉంటాయి. శుభ్రంగా ఉంటుందని చాలామంది వాటిని పూర్తిగా మూసేస్తారు. స్టూడియో ఇంజనీర్లు దశాబ్దాలుగా తగ్గించాలని తంటాలుపడ్డ ఆ చిందడమే ఇప్పుడు అసలుదనానికి సాక్ష్యమైంది.

## మనిషిని యంత్రంలా దిద్దడం

గందరగోళానికి మరో కారణం ఎదురు దిశలో ఉంది. నిజమైన డ్రమ్మర్ వాయించిన రికార్డింగులను సైతం ముక్కలు చేసి గళ్లకు అతికించడం, ప్రతి స్నేర్ దెబ్బ కింద ఒక శాంపిల్ చేర్చడం రాక్, పాప్ రంగాల్లో మామూలు పనులైపోయాయి. అలా దిద్దిన పాటలతో పెరిగిన శ్రోతకు డ్రమ్స్ అంటే ఆ నునుపే గుర్తుకొస్తుంది. కాబట్టి "నిజంలా ఉండాలి" అని కోరే నిర్మాత ఏ నిజాన్ని కోరుతున్నాడో ముందు తేల్చుకోవాలి: గదిలో కూర్చుని వాయించిన నిజమా, రేడియోలో విని అలవాటుపడ్డ నిజమా? రెండో దానికి సాఫ్ట్‌వేర్ ఏనాడో చేరుకుంది.

యాపిల్ సంస్థ 2013లో తన సంగీత సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రో ఎక్స్‌లో ప్రవేశపెట్టిన డ్రమ్మర్ అనే సదుపాయం దెబ్బలు రాసే పనిని కూడా తీసుకుంది. శైలి, జోరు, సంక్లిష్టత ఎంతుండాలో చెబితే అదే వాయిస్తుంది, మూడో చేయి తప్పు చేయదు. పాటకు తాత్కాలిక ట్రాక్ వాయించే డ్రమ్మర్ల పని దీనివల్ల తగ్గే అవకాశం ఎక్కువ. గాయని ఊపిరి తీసుకునే చోటు కనిపెట్టి ఫిల్ (పంక్తుల నడుమ ఖాళీని నింపే చిన్న వాయింపు) ఆపేసే డ్రమ్మర్‌కు మాత్రం ఇది ఇంకా ప్రత్యామ్నాయం కాలేదు.

## డప్పు, తబలా, మిడి

ఈ ఏర్పాటంతా పాశ్చాత్య డ్రమ్ సెట్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టింది: ఒక దెబ్బ, ఒక బలం, ఆ తర్వాత శబ్దం దానంతటది తగ్గిపోవడం. తబలా జంటలో ఎడమచేతి వాద్యమైన బాయాను కొట్టాక మణికట్టుతో ఒత్తి శ్రుతిని జార్చడం దెబ్బ తర్వాత జరిగే పని. మృదంగం ఎడమవైపు పలికించే "గుమ్కి" అనే జారుడు నాదం కూడా అలాంటిదే. 127 వరకు ఉండే ఒక్క అంకె దాన్ని చెప్పలేదు. 2020లో ప్రకటించిన మిడి 2.0 దెబ్బ బలాన్ని 65,536 మెట్లకు విస్తరించి, ప్రతి స్వరానికీ విడిగా శ్రుతి జార్చే వీలు కల్పించింది. దానికి తగ్గ వాద్యాలు, లైబ్రరీలు వచ్చేదాకా తబలాను రికార్డు చేసిన లూపులుగా (మళ్లీమళ్లీ తిప్పి మోగించే ముక్కలుగా) వాడుకోవడమే ఎక్కువ నడుస్తుంది. తెలుగు సినిమా, జానపద పాటల తీన్మార్ డప్పులదీ చాలావరకు అదే దారి.

డప్పు మరో రకంగా ఆసక్తికరం. కుడిచేతిలో మందపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. రెండు పుల్లల శబ్దాలు పూర్తిగా వేరు, కాబట్టి రెండు చేతులకు రెండు శాంపిల్ సెట్లు కావాలి. పదిమంది దళం కోసం ఒకే శాంపిల్‌ను పదిసార్లు పేరిస్తే పదిమంది అవరు, ఒక్క డప్పే పెద్దగా మోగుతుంది. పదింటినీ వేర్వేరు శాంపిళ్లతో, ఒక్కొక్కటి కొన్ని మిల్లీసెకన్లు అటూఇటూ జరిపి పెట్టాలి. ఒంటరి డ్రమ్మర్‌ను పాడుచేసే హ్యూమనైజ్ బటన్ గుంపుకు బాగానే పనికొస్తుంది.

శ్రుతి సంగతి వేరు. ఊరేగింపు సాగేకొద్దీ చల్లగాలికి, తేమకు తోలు వదులై డప్పు గొంతు బరువెక్కుతుంది. నడక ఆపి, మంట వేసి కాచుకుంటే మళ్లీ ఖణఖణ మోగుతుంది. లైబ్రరీలో ఉన్న డప్పు మాత్రం కాచిన వెంటనే రికార్డు చేసింది; పాట ఎంతసేపు నడిచినా చల్లారదు. దాన్ని చల్లార్చాలంటే ప్రోగ్రామర్ తెరమీద శ్రుతి గీతను చేత్తో కొద్దికొద్దిగా కిందికి గీసుకుంటూ రావాలి.